తక్షుని చేతి చిత్రిక: ఒక కర్తృత్వ విచారం

శ్రీ గురుభ్యో నమః

వేదాంతశాస్త్రంలో దృష్టాంతాలకు కొదువ లేదు. రజ్జుసర్పం, శుక్తిరజతం, ఘటాకాశం, స్ఫటికం చెంత మందారపుష్పం — వీటిని వినని సాధకుడు అరుదు. వీటి సరసన నిలువదగిన మరొక దృష్టాంతం ఉన్నది. ఉపన్యాసాలలో అది అంతగా వినబడదు. అది తక్షుని దృష్టాంతం. తక్షుడనగా వడ్రంగి. బ్రహ్మసూత్రాల ద్వితీయాధ్యాయం, తృతీయపాదంలోని 40వ సూత్రం అతనిని ఆశ్రయించియే నడుస్తుంది. జీవునికి కర్తృత్వం స్వభావసిద్ధమా, ఉపాధివలన కలిగినదా అన్న మహాప్రశ్నకు సమాధానంగా సూత్రకారులు చూపినది రాజును కాదు, ఋషిని కాదు. పనిముట్టు చేతబట్టిన ఒక శ్రామికుని.

శంకరభగవత్పాదుల భాష్యతాత్పర్యం ఇది. వడ్రంగి బాడిస మొదలైన పనిముట్లు చేతబట్టినంతసేపు కర్త. ఆ కర్తృత్వంతోపాటు శ్రమ, దుఃఖం కూడ అతనివే. అదే వడ్రంగి ఇల్లు చేరి, పనిముట్లను పక్కన పెట్టి, ఏ వ్యాపారమూ లేక కూర్చున్నప్పుడు స్వస్థుడు, సుఖి. మనిషి ఒక్కడే, మారినది చేతిలోని సాధనం. జీవుడూ అట్టివాడే. బుద్ధీంద్రియాలనే ఉపాధులతో కూడి జాగ్రత్స్వప్నాలలో కర్త, భోక్త అవుతున్నాడు. సుషుప్తిలో వాటిని విడిచి స్వస్వరూపంలో విశ్రమించినపుడు అకర్త. జ్ఞానంచేత అవిద్య నశించినపుడు ఆ విశ్రాంతి నిత్యమవుతుంది. అగ్నికి ఉష్ణత్వంవలె జీవునికి కర్తృత్వం స్వభావమే అయితే దానినుండి విడుదల ఎన్నటికీ పొసగదు. కనుక కర్తృత్వం ఔపాధికమని సిద్ధాంతం.

దృష్టాంతం లోకసిద్ధమైనది కావాలి. వడ్రంగి పని ఎట్టిదో, పనిముట్టు చేతిలో ఉండటమంటే ఏమిటో తెలియనివానికి ఈ సూత్రం కేవలం శబ్దంగా మిగులుతుంది. భాష్యకారులు బాడిసను పేర్కొన్నారు. ఇక్కడ విచారానికి తీసుకొన్నది బాడిస తరువాత చెక్కమీదికి వచ్చే చిత్రికను. అందులోనూ లోహపు చిత్రికలకు ముందు లోకమంతటా వాడుకలో ఉన్న పాత కొయ్య చిత్రికను. దానితోపాటు, 18వ శతాబ్దంలో అమెరికాఖండంలో అట్టి చిత్రికలను తయారుచేసిన ఒక మనిషి జీవితాన్ని కూడ. తక్షదృష్టాంతాన్ని ఎక్కడ అన్వయించాలో, ఎక్కడ అన్వయించరాదో ఆ జీవితం స్పష్టపరుస్తుంది.

చిత్రిక స్వరూపం

చిత్రిక ప్రాచీనమైన సాధనం. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో సమాధి అయిన పాంపే నగరపు త్రవ్వకాలలో రోమనుల చిత్రికలు లభించాయి. 1545లో సముద్రంలో మునిగి 1982లో పైకి తీయబడిన ఆంగ్లేయుల యుద్ధనౌక మేరీ రోజ్‌లో, వడ్రంగి సామాగ్రి నడుమ కొయ్య చిత్రికలు ఉన్నాయి. ఇన్ని శతాబ్దాలలో దాని మూలరూపం పెద్దగా మారలేదు. ఒక కొయ్యదిమ్మె, దాని అడుగున చదునైన తలం, ఆ తలంలో అడ్డముగా సన్నని నోరు, ఆ నోటిలోనికి ఏటవాలుగా దిగిన ఇనుపబద్ద, ఆ బద్దను కదలనీయకుండా బిగించే చెక్కచీల. ఇంతే చిత్రిక.

ఇంత సరళమైన వస్తువులోనూ ప్రతి అంశం వెనుక ఒక యుక్తి ఉన్నది. బద్ద సాధారణంగా 45 డిగ్రీల వాలులో కూర్చుంటుంది. గట్టి చెక్కలకు 50 డిగ్రీల వాలు పెడతారు. పాతకాలపు బద్ద అంతా ఉక్కు కాదు. మెత్తని ఇనుముమీద, అంచున మాత్రం పలుచని ఉక్కుపొరను కొలిమిలో కాచి అతికించేవారు. ఉక్కు అప్పట్లో ఖరీదైనది కావటం ఒక కారణం. పదును నిలిపే కాఠిన్యం కోసే చోట ఉంటే చాలునన్న వివేకం మరొకటి. నోరు సన్నగా ఉండటంలోనూ అర్థం ఉన్నది. పదునుకు ముందున్న దిమ్మె అంచు చెక్కనారను అదిమిపెడుతుంది. అందువల్ల లేచిన పొర అక్కడికక్కడే విరుగుతుంది; నార ముందుకు చీలిపోదు. నోరు వెడల్పైతే పొర తన ఇష్టం వచ్చినంత దూరం చీలుకొని పోతుంది.

లోహపు చిత్రికలో లోతును మార్చుటకు మర ఉంటుంది. కొయ్య చిత్రికలో అది లేదు. ఒక చిన్న సుత్తి మాత్రమే ఉన్నది. బద్దతలపై మెల్లగా తట్టితే అది వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. దిమ్మె వెనుకభాగాన తట్టితే అంతే పైకి జరుగుతుంది. తరువాత చీలను ఒక దెబ్బతో బిగిస్తారు. ఎంత తట్టాలో పుస్తకం చెప్పదు. చెవి, చేయి, లేచి వచ్చే పొర పలుచదనం — ఇవే ప్రమాణాలు. అమెరికాలో లియొనార్డ్ బెయిలీ మరతో సవరించదగిన లోహపు చిత్రికలకు హక్కులు పొంది, 1869లో ఆ వ్యాపారం స్టాన్లీ సంస్థ చేతికి వచ్చిన తరువాత, కొయ్య చిత్రికలు అక్కడి పనిశాలలనుండి క్రమంగా తొలగిపోయాయి. ఇప్పుడు వాటిని పురాతనవస్తువులుగా సేకరిస్తున్నారు. కొందరు వడ్రంగులు మాత్రం నేటికీ వాటితో పని చేస్తున్నారు. కొయ్యమీద కొయ్య జారే సౌలభ్యం లోహానికి లేదని వారి అనుభవం.

పనితీరు, సాధనాక్రమం

రంపంనుండి వచ్చిన పలక మూడు దశలలో నునుపెక్కుతుంది. ముందుగా 14 నుండి 17 అంగుళాల చిత్రిక. దాని పదును కొంచెం విల్లువలె వంగి ఉంటుంది. అది లోతుగా, వేగంగా ఎగుడుదిగుడులను తొలగిస్తుంది, గాళ్ళు మిగులుస్తుంది. తరువాత 22 నుండి 30 అంగుళాల పొడవైన చిత్రిక. ఇది పలకను సరళం చేస్తుంది. చివర 8 అంగుళాల చిన్నది. ఇది అద్దమువంటి తలాన్ని ఇస్తుంది. మొదటిదానిని వదలి మూడవదానితో ఆరంభించినవాడు పొద్దంతా శ్రమించినా పలక వంకర పోదు. వంకరమీదనే నునుపు వస్తుంది.

పొడవైన చిత్రికలోని రహస్యం సాధకులు గమనింపదగినది. పొట్టి చిత్రిక పలకలోని పల్లాలలోకి దిగుతుంది, మెరకలపైకి ఎక్కుతుంది; ఉన్న వంకరనే అనుసరిస్తుంది. పొడవైనది పల్లాలను దాటిపోతుంది. దాని పదును మెరకలను మాత్రమే తాకుతుంది. అందుకే మొదటి తోపులలో ముక్కలుముక్కలుగా పొట్టు వస్తుంది. మెరకలు తరిగినకొద్దీ పొర పొడవవుతుంది. చివరకు పలక ఈ కొసనుండి ఆ కొసదాకా ఒకే అఖండమైన పొర లేచినపుడు పలక సరళమైనదని వడ్రంగికి తెలుస్తుంది. వేరే కొలత అక్కరలేదు. మలం, విక్షేపం, ఆవరణం అని ఆచార్యులు మూడు దోషాలను చెప్పి, కర్మ, ఉపాసన, జ్ఞానం అని మూడు ఉపాయాలను క్రమంగా విధించారు. అంతఃకరణం పని ఈ క్రమాన్ని తప్పి సాగదు. నునుపును మాత్రమే కోరి వంకరను ఉపేక్షించిన సాధన ఎట్టిదో, వడ్రంగిశాలలో ఒక్క పూట నిలిచినవానికి విడమరచి చెప్పనక్కరలేదు.

మరొక నియమం. చిత్రిక అడుగుతలం ఎంత సరళమో పలక అంతే సరళమవుతుంది. తనలో వంకర ఉన్న చిత్రిక ఆ వంకరను పలకకు ఇస్తుంది. కొయ్య సజీవమైనదానివలె వానకాలంలో ఉబ్బి, ఎండకాలంలో కుదించుకొంటుంది. కనుక మంచి పనివాడు నడుమనడుమ చిత్రికను తలక్రిందులుచేసి, దాని తలాన్నే ముందు సరిచేస్తాడు. తరువాతనే పలకను తాకుతాడు. పరులను దిద్దబోయే ముందు బోధకుడు చేసుకోవలసినదీ ఇదే. నారవాలుకు ఎదురుగా తోస్తే ఎంత పదునైనా చెక్క పెళ్ళలుగా లేచిపోతుంది. శిష్యుని స్వభావం ఎటు వాలినదో ఎరిగి చేసే ఉపదేశానికీ, ఎరుగక చేసేదానికీ ఇదే భేదం.

ఇంతవరకు చెప్పినది సాధనం గురించి. ఇక దానిని పట్టిన చేతిని గూర్చి.

ముద్ర వెనుక మనిషి

పాత కొయ్య చిత్రికల ముందుభాగాన, దిమ్మె కొసన, అక్షరాల ముద్ర ఒకటి ఉంటుంది. అది తయారుచేసినవాని పేరు. దాని చుట్టూ చాలాసార్లు మరికొన్ని పేర్లు కనిపిస్తాయి. అవి దానిని కొన్నవారివి. ఒకని తరువాత ఒకడు తన పేరు కొట్టుకొన్నాడు. పేర్లన్నీ మిగిలాయి; మనుషులెవరూ మిగలలేదు. మమకారాన్ని గూర్చిన ఉపన్యాసానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఉండదని తోచవచ్చు. కాని ఒక ముద్ర విషయంలో ఆ ఉపన్యాసం తడబడుతుంది.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో రెంథమ్ అనే ఊరు ఉన్నది. ఆ ఊరిలో ఫ్రాన్సిస్ నికల్సన్ అనే చిత్రికల శిల్పి నివసించాడు. జననం 1683, మరణం 1753. ఆ దేశంలో చిత్రికల తయారీని వృత్తిగా చేసినవారిలో ఆధారాలు దొరికిన తొలివాడు అతడే. అక్కడి అడవులలో దొరికే యెల్లో బర్చ్ అనే గట్టి చెట్టు కొయ్యతో అతడు చేసిన చిత్రికలను నేటికీ అపురూపంగా చూస్తారు. తలుపులకు, గోడలకు, పైకప్పు అంచులకు వంపుల అలంకారాలు తీర్చే చిత్రికలు అవి. అట్టి చిత్రిక అడుగు చదునుగా ఉండదు. ఏ వంపు కావాలో ఆ వంపుకు ప్రతిరూపంగా చెక్కబడి ఉంటుంది. ముద్రలో అతని పేరు, అతడు రెంథమ్ నివాసి అన్న మాట ఉంటాయి.

అతని పనిశాలలో సీజర్ చెలోర్ అనే నల్లజాతి వ్యక్తి ఉండేవాడు. అతడు జీతగాడు కాదు, శిష్యుడు కాదు. నికల్సన్‌కు చెందిన దాసుడు. మసాచుసెట్స్ చట్టం దాస్యాన్ని 1641లోనే అంగీకరించింది. ఆ చట్టం దృష్టిలో పనిబల్ల, ఉలి, చిత్రిక ఎట్టివో చెలోర్ కూడ అట్టివాడే: యజమాని ఆస్తి. 1741లో అతడు ఆ ఊరి చర్చిలో సభ్యుడయ్యాడు. భగవంతుని సన్నిధిలో స్థానం లభించినా దాస్యం తొలగలేదు. ఆ సంవత్సరాలలో ఆ పనిశాలనుండి వెలువడిన చిత్రికలలో ఎన్నింటిని చెలోర్ చేతులు చెక్కాయో కొయ్య చెప్పదు. కొయ్యమీది ముద్ర యజమానిది.

1753లో నికల్సన్ మరణించాడు. అతడు వ్రాసిన వీలునామాలో చెలోర్ విశ్వాసంతో చేసిన సేవను పేర్కొని, లోకంలో తన కొరకు తానే వ్యవహరించునట్లుగా అతనిని విడుదల చేశాడు. అతని మంచము, దుస్తులు, పనిబల్ల, వాడుక పనిముట్లు, ఉలులు, పది ఎకరాల భూమి అతనికి దక్కాయి. ఆ తరువాత చెలోర్ అదే ఊరిలో, అదే బర్చ్ కొయ్యతో, అదే రూపంలో చిత్రికలు చేశాడు. మారినది ఒక్కటే. ముద్రలో ఇప్పుడు అతని పేరు, అతడు రెంథమ్ నివాసి అన్న మాట ఉన్నాయి. యజమాని ముద్ర ఏ తీరులో ఉండేదో అదే తీరు. 1784లో అతడు మరణించేనాటికి, క్వాక్ వాకర్ వ్యాజ్యాలలో ఉన్నతన్యాయస్థానం దాస్యం ఆ రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పి ఒక్క సంవత్సరం మాత్రమే గడిచింది. అతడు చేసిన చిత్రికలు ఇప్పటికీ ఉన్నాయి. ఉత్తర అమెరికాలో పేరు నిలిచిన తొలి నల్లజాతి పనిముట్ల శిల్పిగా అతనిని చరిత్రకారులు గౌరవిస్తారు.

ఆక్షేపం, సమాధానం

ఇక్కడ ఒక ఆక్షేపం సహజంగా పుడుతుంది. కర్తృత్వం ఔపాధికమే కదా. నామరూపాలు మిథ్య కదా. అట్లైతే కొయ్యదిమ్మె కొసన నికల్సన్ అని ఉన్ననేమి, చెలోర్ అని ఉన్ననేమి? చేతులు చేసిన పని ఒక్కటే. విడుదల పొంది అతడు గడించినది "నేను చేశాను" అన్న అహంకారమే అయితే, వేదాంతదృష్టిలో అది లాభమా, నష్టమా?

ఈ ఆక్షేపం పైకి శాస్త్రీయంగా కనిపిస్తుంది. శాస్త్రక్రమాన్ని చూస్తే నిలువదు. తక్షదృష్టాంతం ఉన్నది 40వ సూత్రంలో. దానికి ముందే, అదే పాదంలోని 33వ సూత్రంలో, సూత్రకారులు జీవుడు కర్తయే అని స్థాపించారు. అక్కడి హేతువు శాస్త్రమునకు అర్థవత్త్వం. యజ్ఞం చేయి, దానమియ్యి, సత్యం పలుకు అని వేదం ఎవరినో ఒకరిని సంబోధిస్తున్నది. వినువానికి కర్తృత్వమే లేకపోతే విధి నిరర్థకమవుతుంది. చిత్రికతో ఎవరూ ధర్మోపదేశం చేయరు. కనుక ముందుగా జీవుడు కర్త అని నిలబెట్టి, ఆ తరువాతనే ఆ కర్తృత్వం ఉపాధికృతమని విడమరచారు. మొదటిది లేనిదే రెండవదానికి చోటు లేదు. అధ్యారోపం లేనిచోట అపవాదం ఎవరికి, దేనికి?

తక్షదృష్టాంతంలోని కీలకం కూడ ఇదే. వడ్రంగి పనిముట్లను తాను చేతబట్టాడు. తాను కింద పెట్టాడు. తన ఇంటికి తాను వెళ్ళాడు. ఆ విశ్రాంతి అతనిది. ఒకని చేతికి పనిముట్టును మరొకడు ఇచ్చి, మరొకడే లాగుకొని, తిరిగి వెళ్ళుటకు తనదైన ఇల్లు లేని స్థితిలో అతనిని ఉంచితే, రాత్రివేళ అతని చేయి ఖాళీగా ఉన్నది కదా అని ఆ స్థితిని నైష్కర్మ్యం అనరాదు. అది అకర్తృత్వం కాదు, అపహరింపబడిన కర్తృత్వం.

త్యాగాన్ని గూర్చి మీమాంసకులు చేసిన విచారం దీనిని మరింత స్పష్టం చేస్తుంది. హోమంలో ఆహుతి వేసి యజమాని "ఇది నాది కాదు" అన్న భావంతో ద్రవ్యత్యాగం చేస్తాడు. ఆ మాట పలుకుటకు ముందు ఆ ద్రవ్యం అతనిది అయి ఉండాలి. పరద్రవ్యాన్ని త్యజించుట త్యాగం కాదు. విశ్వజిద్యాగంలో సర్వస్వం దక్షిణగా ఇవ్వాలన్న విధి ఉన్నది. ఆ సర్వస్వంలో ఏవి చేరుతాయన్న చర్చ పూర్వమీమాంస షష్ఠాధ్యాయం సప్తమపాదంలో నడుస్తుంది. తల్లిదండ్రులు "తనవారు" అయినా దేయులు కారు. వారిమీద స్వామ్యం లేదు. ధర్మబుద్ధితో సేవచేయు శూద్రపరిచారకుడు కూడ దేయుడు కాడని అక్కడి నిర్ణయం. సేవ చేసినంతమాత్రాన మనిషి ద్రవ్యం కాడు.

అంతమాత్రాన ఈ దేశాన్ని పొగడుకొని, పరదేశాన్ని నిందించి తృప్తిపడటం న్యాయం కాదు. మనువు ఏడు విధాల దాసులను పేర్కొన్నాడు. నారదస్మృతి పదిహేను విధాలను లెక్కించింది. మనిషిని సాధనంగా చూడటం ఒక ఖండపు దోషం కాదు, ఒక మతపు దోషం కాదు. అవిద్య ఎక్కడ ఉన్నదో అక్కడ అది ఉన్నది. చేతనునియందు జడత్వాన్ని ఆరోపించుట కూడ అధ్యాసమే. దేహమే నేను అనుకొనువాడు ఒక అధ్యాసంలో ఉన్నాడు. ఎదుటివాడు నా పనిముట్టు అనుకొనువాడు అంతకంటె లోతైన అధ్యాసంలో ఉన్నాడు.

ఇప్పుడు చెలోర్ ముద్రను మరల చూడాలి. విడుదలకు ముందు, తరువాత అతని చేతుల కదలిక ఒక్కటే. అదే బద్ద, అదే చీల, సుత్తితో అదే తట్టు. వెలుపలినుండి చూచువానికి భేదం లేదు. జ్ఞాని, అజ్ఞాని చేసే కర్మలోనూ వెలుపలి భేదం ఉండదని శాస్త్రం చెప్పుతుంది. ఉన్న భేదమంతా అధికారంలో, అవగాహనలో. చెలోర్ పొందినది మోక్షం కాదు. మోక్షాన్ని కోరుటకైనా, కర్మను ఈశ్వరార్పణం చేయుటకైనా కావలసిన మొదటి మెట్టును లోకం అతనికి ఆలస్యంగా ఇచ్చింది. ఆ మెట్టు పేరు స్వాతంత్ర్యం. పాణిని మహర్షి కర్తకు చెప్పిన లక్షణం కూడ స్వతంత్రుడనియే కదా. కొయ్యమీద పేరు కొట్టుకొన్నది అహంకారమని తేలికగా అనవచ్చు. కాని అంతవరకు వస్తువుల జాబితాలో వస్తువుగా ఉన్నవాడు, వస్తువును చేయువాడు వేరు, వస్తువు వేరు అని మొదటిసారి ఆ అక్షరాలలో చెప్పాడు. దృగ్దృశ్యవివేకానికి అంతకంటె దూరమైన మాట కాదు అది.

ఆలయంలో తక్షుడు

ఈ విచారం దూరదేశపు కథగా మిగిలిపోతే ప్రయోజనం స్వల్పం. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల ఆలయాలలో గరుడవాహనం, హంసవాహనం, శేషవాహనం, రథం — ఇవన్నీ వడ్రంగుల చేతులమీదుగా వచ్చినవే. వాహనానికి తొడిగిన ఇత్తడి రేకుమీద, మండపం గోడమీది చలువరాతిమీద దాత పేరు, గోత్రం, ఊరు ఉంటాయి. రేకు కింద ఉన్న కొయ్యను చిత్రిక పట్టినవాని పేరు ఎక్కడా ఉండదు. అడిగితే వచ్చే సమాధానం ఒక్కటే: అంతా స్వామి చేయించుకొన్నాడు. ఆ మాట సత్యమే. అయితే దాత విషయంలో ఆ సత్యం ఎందుకు గుర్తుకు రాలేదు? ద్రవ్యమిచ్చినవాడు కర్త, పని చేసినవాడు నిమిత్తమాత్రుడు అన్న విభాగం ఏ శాస్త్రంలోనూ లేదు.

అదే ఆలయంలో ప్రతిదినం అభిషేకవేళ శ్రీరుద్రం పఠిస్తారు. నమకం చతుర్థానువాకంలో తక్షులకు, రథకారులకు, కులాలులకు, కర్మారులకు నమస్కారాలు ఉన్నాయి. రుద్రుడు ఆ రూపాలలో ఉన్నాడని వేదం నమస్కరిస్తున్నది. ఋగ్వేదంలోని ఋభువులు మర్త్యులై పుట్టి, శిల్పనైపుణ్యంచేతనే దేవత్వాన్ని, సోమపానంలో భాగాన్ని పొందారు. ఇంతటి సంప్రదాయం ఉన్నచోట, నోట నమస్కారం చెప్పి, గర్భాలయం దాటగానే కూలివానిని కూలివానిగా మాత్రమే చూడటం మంత్రానికీ మనస్సుకూ నడుమ ఏర్పడిన వంకర. నునుపుతో ఆ వంకర పోదు. ముందు మొదటి చిత్రికను పట్టాలి.

అకర్తృత్వోపదేశం ఉత్తమపురుషకు సంబంధించినది. "నేను కర్తను కాను" అని ఎవరికి వారు తమను గూర్చి విచారించుకోవాలి. "నీవు కర్తవు కావు" అని పనిచేసినవానితో, ఫలాన్ని అనుభవించేవాడు చెప్పరాదు. గురువు శిష్యునితో చెప్పునది వేరు. అక్కడ గురువు తనను గూర్చి ముందే తెలిసినవాడు, శిష్యుడు అడిగినవాడు. ఆ సందర్భం లేనిచోట ఆ వాక్యం ఉపదేశం కాదు, ఎగవేత. ఎదుటివాని శ్రమవిషయంలో సాధకునికి తగిన భావం అతనిని పూర్ణకర్తగా గుర్తించి, అతని పేరు పలికి, అతని భాగం అతనికి ఇచ్చుట. తన శ్రమవిషయంలో తగిన భావం ఈశ్వరార్పణం. ఈ రెండింటిని తారుమారు చేసినప్పుడు అద్వైతం అన్యాయానికి ముసుగు అవుతుంది. సరిగా నిలిపినప్పుడు ధర్మానికి శిఖరం అవుతుంది.

మహర్నవమినాడు వడ్రంగులు ఉలి, సుత్తి, బాడిస, రంపం, చిత్రిక కడిగి తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, వరుసగా పేర్చి పూజిస్తారు. ఆనాడు వాటిని పనికి ముట్టరు. నిన్నటివరకు పని చేయించిన సాధనం ఆనాడు దైవం. నిన్నటివరకు పనిచేసిన మనిషి ఆనాడు విశ్రాంతుడు. తక్షాధికరణం అంతా ఆ ఒక్క దినంలో ప్రత్యక్షమవుతుంది. పనిముట్లు వారివి గనుక, వాటిని పట్టినదీ వారే గనుక, కింద పెట్టుటకు కూడ వారే అధికారులు.

ఇంట్లో తాతలనాటి కొయ్య చిత్రిక ఉన్నవారు దానిని అటకమీద పురుగుల పాలు చేయవద్దు. తలం వంకర పోయి ఉంటే సరిచేయించి, అవిసెనూనె పలుచగా పట్టించి, పనిలేనపుడు చీలను కొంచెం సడలించి ఉంచితే దిమ్మె ఒత్తిడికి పగలదు. బద్ద తుప్పును తీసి పదును పెట్టిస్తే, ఒక చిన్న పీటనైనా దానితో చిత్రిక పట్టవచ్చు. అప్పుడు దిమ్మె వెనుకభాగాన, కొన్ని దశాబ్దాలపాటు ఒక అరచేయి ఒరిసి నునుపెక్కిన చోటు తగులుతుంది. అక్కడ ఏ ముద్రా ఉండకపోవచ్చు. ఆ చేయి ఎవరిదో ఇంటి పెద్దలను అడిగి, ఆ పేరును పిల్లలకు చెప్పటం కూడ పితృఋణంలో ఒక భాగమే.

పట్టుటకు ఎవనికి అధికారం ఉన్నదో, విడుచుటకు వానికే అధికారం. ఆ అధికారం ప్రతి జీవునికీ ఉన్నదని అంగీకరించిన తరువాతనే, దానిని దాటిన విశ్రాంతిని గూర్చి మాట్లాడుటకు వేదాంతికి నోరు ఉంటుంది.

సర్వం శ్రీ పరమేశ్వరార్పణమస్తు.